మా అన్న ఊదిన మా ఆయన ఊపిరి

మా వీధి నేతగాళ్ళ ఊపిరితిత్తుల గురించి మద్రాసు డాక్టరుగారు ఒకాయన అచ్చు వేయించిన కాగితంలో ఉన్నదంతా అబద్ధం. ఆయన అబద్ధాలాడే మనిషి కాడు, పాపం. ఆడింది మేము. అందులో అందరికంటే పెద్ద వాటా నాది. మగ్గం గుంతలో కూర్చుని నేసేవాళ్ళకు రొమ్ము విచ్చుకుంటుందనీ, ఊపిరి నిండుగా ఉంటుందనీ, అందులోనూ ఫలానా ఇంటి మనిషి ఊపిరి అందరికంటే మిన్న అనీ ఆ కాగితంలో ఉంది. ఆ ఫలానా ఇల్లు మాది. ఆ మనిషి మా ఆయన అని డాక్టరుగారు అనుకున్నారు. ఊదింది మా అన్న.

ఇది రెండో యుద్ధం మొదలు కావడానికి ముందు మాట. మాది నేత ఊరు. మంత్రాలయం పోయే బండ్లు మా ఊళ్ళో ఆగి ఎద్దులకు నీళ్ళు పెట్టుకుని పోయేవి. ఉన్నదే నాలుగు కడవల నీళ్ళు, అవీ ఎద్దులు తాగిపోతే ఎట్లా అని మా ఆడవాళ్ళం ఆ యాత్రికులకు పుణ్యంతో పాటు నాలుగు తిట్లు కూడా మూటకట్టి పంపేవాళ్ళం. వీధికి రెండు పక్కలా ఇళ్ళు. ప్రతి ఇంట్లో మగ్గం, మగ్గం కింద గుంత. మగవాడు ఆ గుంతలో కాళ్ళు దించి, బట్ట చుట్టుకునే కర్రకు రొమ్ము ఆనించి, పొద్దు పొడిచినప్పటి నుంచి వాలేదాకా నేస్తాడు. ఆడది పక్కన రాట్నం మీద కండెలు చుడుతుంది. నూలు పొట్టు ఇంట్లో ఎగురుతూనే ఉంటుంది. అన్నంలో అదే, నీళ్ళలో అదే, కనురెప్పల మీదా అదే.

మా ఆయన మాట తక్కువ మనిషి. దానికి సరిపడా నేను మాట్లాడతాను గనక మా ఇల్లు సమంగా నడిచింది. ఆ ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. మొదట పొట్టు వల్ల అన్నాడు. తర్వాత చలి వల్ల అన్నాడు. ఎండాకాలం వచ్చాక ఎండ వల్ల అన్నాడు. ఇంక ఏ వంకా దొరక్క, "ఊరికే" అన్నాడు. ఊరికే వచ్చిన దగ్గు ఊరికే పోవాలి కదా. అది మాత్రం పోలేదు. చీర నేసే చేయి మధ్యలో ఆగి, పోగును అటూ ఇటూ నడిపే నాడె అట్లాగే పట్టుకుని, వంగి దగ్గి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నేసేవాడు. నేను కూడా ఏమీ విననట్టు రాట్నం తిప్పేదాన్ని.

ఎందుకు విననట్టు ఉన్నానో చెప్పాలంటే మా వీధి పద్ధతి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఒక ఇంటి వాళ్ళతో అయ్యే పని కాదు. అందుకని ఎవరి పడుగు పట్టినా ఇంటికొక మనిషి వస్తాడు. ఇంటాయనకు బాగాలేకపోతే తమ్ముడు వస్తాడు, అల్లుడు వస్తాడు, చుట్టపు చూపుగా వచ్చినవాడైనా వస్తాడు. ఎవరు వచ్చారని అడగరు. ఆ ఇల్లు వచ్చిందా, వచ్చింది. అంతే. అయితే ఒక ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే మాత్రం ఆ ఇంటిని రావద్దంటారు. వాళ్ళ పడుగుకూ ఎవరూ పోరు. నా కళ్ళముందే ఒక ఇంటికి అట్లా జరిగింది. పడుగు పట్టేవాళ్ళు లేక మగ్గం ఆగింది. ఇంటివాళ్ళు ఊరు వదిలి పోయారు. వాళ్ళ మగ్గం గుంతలో కోళ్ళు పొదుగుతున్నాయి. మా ఆయన దగ్గినప్పుడల్లా నాకు ఆ కోళ్ళే కనబడేవి.

అట్లాంటప్పుడు ఊడిపడ్డారు డాక్టరుగారు. రెండు బండ్ల సామానుతో వచ్చి మా ఇంటి పక్కనే చావడిలో దిగారు. సన్నగా, అద్దాలు పెట్టుకుని, అందరినీ "అండీ" అనే మనిషి. మా వీధిలో ఆ మాట విని ఎవరికి వాళ్ళు వెనక్కి తిరిగి, తమ వెనక ఎవరున్నారా అని చూసుకున్నారు. గుంతలో కూర్చుని నేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయో పరీక్ష చేసి, శాస్త్రానికి రాసి పంపుతానని ఆయన చెప్పారు. ఇంటికొక మనిషి వచ్చి ఊదితే చాలన్నారు. జబ్బు ఉన్నట్టు తేలితే, దక్షిణాన కొండల్లో ఉన్న క్షయ ఆస్పత్రిలో చోటు ఇప్పిస్తానని కూడా అన్నారు. మా వీధికి ఆ చివరి మాటలో జబ్బు ఒకటే వినబడింది, చోటు వినబడలేదు.

మర్నాడు తెల్లవారగానే ఒక పడుగు దగ్గర, గంజి చేతులతోనే, వీధి పెద్ద తీర్పు చెప్పేశాడు. వరసకు అందరికీ మామ అయ్యేవాడు.

"ఏమప్పా, ఆయన అడిగిందేమి? ఇంటికొక మనిషిని. పడుగుకు పంపడం లేదా? అట్లే పంపండి. దగ్గేటోళ్ళు ఇంట్లోనే ఉండండి. ఇల్లు పోతే సాలు, మనిషి ఎవుడైతే ఏమి?"

ఇందులో మోసం ఉందని ఆ చుట్టూ ఉన్న ఒక్కరికైనా తోచి ఉంటే ఒట్టు. పిలిచింది ఇంటిని. ఇల్లు పలుకుతుంది. ఇంకేం కావాలి? నాకూ అట్లాగే తోచింది. పైగా మామ ఎంత తెలివిగల మనిషి అని మెచ్చుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటికొస్తే మా ఆయన గుంతలోంచి తల ఎత్తకుండా అన్నాడు. "మే, మీ అన్నను పిలిపించు."

"ఎందుకు?"

"ఊదేదానికి."

"నీ ఊపిరి నువ్వు ఊదుకోలేవా?"

"ఊదితే తెలిసిపోతాది."

"తెలిస్తే మందిస్తాడు గదా!"

"మందిస్తాడు. పడుగు ఎవురు పడతారు?"

నాకు జవాబు దొరకకపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి. కోళ్ళు గుర్తొచ్చాయి. అన్నకు కబురు పంపాను.

మా అన్న కూడా నేత ఇంట్లో పుట్టినవాడే. కాళ్ళు మరీ పొడుగైపోయి మగ్గం గుంతలో పట్టలేదు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. నాలుగు చీరలు చింపాక మా నాయన వాణ్ణి మగ్గం దించి పొలం పనికి తరిమాడు. రెండు ఊళ్ళ అవతల ఒక రైతు దగ్గర కపిల తోలేవాడు. ఎద్దులు బావి వాలులో కిందికి నడుస్తుంటే తోలు బాన నిండా నీళ్ళు పైకి వస్తాయి. ఎద్దులకు విసుగు పుట్టకుండా పొద్దంతా పాడాలి. మా అన్న పాట మూడు పొలాల అవతలికి వినబడేది. బాగుంటుందని నేను అనడం లేదు. వినబడేది.

ఇక్కడ డాక్టరుగారి యంత్రం సంగతి. పెద్ద రేకు డబ్బాలో నీళ్ళు పోసి, అందులో ఇంకో డబ్బా బోర్లిస్తారు. గొట్టంలో ఊదితే గాలి లోపలికి పోయి బోర్లించిన డబ్బాను పైకి లేపుతుంది. పక్కన ఒక కొయ్య, దాని మీద గీతలు. డబ్బా ఎన్నో గీతదాకా లేస్తే అంత ఊపిరి ఉన్నట్టు. చిన్నపిల్లల ఆటలా ఉందనుకున్నాం. కానీ దానికి రోజూ రెండు కడవల నీళ్ళు కావాలి, మోసేది నేను. "శాస్త్రానికి మా బావే దొరికిందా, మద్రాసులో సముద్రమంత నీళ్ళున్నాయంట గదా" అని వీధి ఆడవాళ్ళు నా మీద ఎగిరారు. సాయంత్రం డబ్బా దించాక ఆ నీళ్ళు బర్రెలకు పోస్తానని చెప్పి ఒప్పించాను. మా బర్రెలు శాస్త్రానికి వాడిన నీళ్ళు తాగి పాలేమీ ఎక్కువ ఇవ్వలేదు.

మొదటి రోజే పేచీ వచ్చింది. గాజు గొట్టాన్ని ఒకరు ఊదాక ఇంకొకరు నోట్లో పెట్టనన్నారు. మరుగుతున్న నీళ్ళలో వేసి తీశానండీ అని డాక్టరుగారు మొత్తుకున్నారు. ఎంగిలిని ఉడకబెడితే వేడి ఎంగిలి అవుతుంది గానీ ఎంగిలి కాకుండా పోతుందా అన్నారు మావాళ్ళు. చివరికి నేనే దొడ్లోకి పోయి ఆముదపు ఆకుల లావు కాడలు తెంపుకొచ్చాను. లోపల బోలుగా ఉంటాయి, మనిషికొకటి, ఊది పారేయొచ్చు. డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రబ్బరు గొట్టానికి తగిలించి, "అమ్మా, మీరు చాలా గొప్ప ఉపాయం చెప్పారండీ" అన్నారు. అచ్చు కాగితంలో ఆముదపు కాడ గురించి ఒక ముక్క ఉంది. ఆ కాగితంలో నిజం అదొక్కటే.

తర్వాత ఉమ్మి డబ్బీలు. ఇంటికొక చిన్న రేకు డబ్బీ ఇచ్చి, పొద్దున్నే గట్టిగా దగ్గి, అందులో ఉమ్మి, మూతపెట్టి తెచ్చివ్వమన్నారు. చెప్పింది మగవాళ్ళకు. డబ్బీ చేరింది ఆడవాళ్ళ చేతికి. ఒకరి గిన్నె మన ఇంటికొస్తే ఖాళీగా తిప్పి పంపకూడదని మాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి తెలుసు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి గిన్నెలో ఉమ్మి పెట్టి పంపుతామా? మగవాళ్ళు ఏదో పొరపాటుగా విన్నారులే అనుకుని, డబ్బీలు చింతపండు పెట్టి తళతళా తోమాం. ఒకరు వేయించిన వేరుశనగ బుడ్డలు పెట్టారు, ఒకరు బెల్లం ముక్క, ఒకరు నువ్వులుండ. నేను నిమ్మకాయ ఊరగాయ పెట్టాను.

డాక్టరుగారు సూక్ష్మదర్శిని సర్దుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చిన్న చిమటాతో మొదటి డబ్బీ మూత తీశారు. అది నాదే. చాలాసేపు అందులోకే చూశారు.

"ఇదేమిటమ్మా?"

"ఊరగాయ దొరా. పోయినేటిది. బాగా ఊరుండాది."

ఆయన ముక్కు గుడ్డ విప్పి, కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ మధ్యాహ్నం మజ్జిగన్నంలోకి నా ఊరగాయే తిన్నారు. మర్నాడు మళ్ళీ డబ్బీలు ఇచ్చి ఈసారి ఆడవాళ్ళకే విడమరిచి చెప్పారు. సరే, ఉమ్మి పంపాం. దగ్గేవాళ్ళది కాదు, ఊదడానికి వచ్చినవాళ్ళది. మా ఇంటి డబ్బీలో మా అన్న ఉమ్మి పోయింది. అందులో పురుగులు దొరక్కపోవడంలో వింత ఏముంది, వాడి గొంతు వింటే ఏ పురుగైనా పారిపోతుంది.

మా ఇంటి పేరు పిలిచారు. అన్న పోయి, మా ఆయన పేరు తనదని చెప్పి, నిలబడ్డాడు. డాక్టరుగారు టేపుతో ఎత్తు కొలిచారు, రొమ్ము కొలిచారు. ఆముదపు కాడ చేతికిచ్చి, నిండా పీల్చి మెల్లగా చివరిదాకా ఊదమన్నారు. అన్న పీల్చాడు. ఊదాడు. డబ్బా లేచింది, లేచింది, కొయ్య మీద గీతలన్నీ దాటి, చివరి గీత కూడా దాటి, నీళ్ళలోంచి బయటికి ఎగిరి పక్కకు పడింది. రెండు కడవల నీళ్ళూ డాక్టరుగారి కాగితాల మీద పోయాయి. నా నడుం గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. డాక్టరుగారు మాత్రం తడిసిన పంచెతో గంతులేస్తున్నారు.

"అద్భుతం! అద్భుతమండీ! అంతా ఊదేశారా?"

"యాడిది దొరా, ఇంకా సగమే ఊదినా" అన్నాడు మా అన్న.

చావడి నిండా నవ్వులు. కండె కోసం లేచినట్టు లేచి, మా ఆయన మా ఇంటి తలుపు సందులోంచి చూస్తున్నాడు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు తెరొచ్చి లోపలికి పోయాడు.

డాక్టరుగారు మద్రాసు తిరిగిపోయారు. ఆరు నెలలు గడిచాయి. వక్క ముక్క కూడా ముట్టని మా ఆయన తాంబూలం మొదలుపెట్టాడు. నోరు చప్పగా ఉంటోందన్నాడు. సరే, మగవాడికి ఏదో ఒక అలవాటు ఉండాలి కదా, కల్లు కంటే నయమే అనుకున్నాను. తువ్వాలు మీద ఎర్రటి మరకలు పడితే తిట్టుకుంటూ ఉతికేదాన్ని. ఒకరోజు తువ్వాలు రాయి మీద వేసి బాదబోతూ చేయి ఆపాను. ఇంట్లో తమలపాకులు అయిపోయి అప్పటికి రెండు దినాలు. మరక తాజాగా ఉంది.

అక్కడే, ఆ రాయి పక్కనే కూర్చుండిపోయాను. నాకు భయం వేసింది. కోళ్ళ భయం కాదు. గుంత ఖాళీ అయితే అందులో కోళ్ళు పొదిగినా, పాములు పొదిగినా ఎవడిక్కావాలి. ఆయన లేకుండా పోతాడని భయం.

ఆ వారంలోనే డాక్టరుగారు మళ్ళీ వచ్చారు. చేతిలో అచ్చు కాగితం. చావడిలో అందరినీ కూర్చోబెట్టి తెలుగు చేసి చదివారు. గుంత మగ్గం ఊపిరికి మేలు చేస్తుందని ఇంతకుముందు ఎవరూ కనిపెట్టలేదట. మామ మీసం దువ్వుకున్నాడు. ఊదినవాళ్ళు సరే, ఊదనివాళ్ళు కూడా రొమ్ములు విరుచుకు కూర్చున్నారు. తామే పంపిన మారుమనుషుల ఊపిరిని తమదే అని నమ్మేశారు, మొండిఘటాలు!

తర్వాత రెండో విడత కొలతలు మొదలయ్యాయి. పోయినసారి వచ్చిన చుట్టాలు అందరూ మళ్ళీ దొరుకుతారా? మామ ఇంటి తరఫున పోయినసారి పెద్దల్లుడు వస్తే ఈసారి చిన్నల్లుడు వచ్చాడు. డాక్టరుగారు పుస్తకం చూసి, మనిషిని చూసి, మళ్ళీ పుస్తకం చూశారు.

"మీకు మీసం ఉండాలి కదండీ?"

"మహానందిలో మొక్కు తీర్చుకున్యా సామీ."

"ఎత్తు కూడా జానెడు పెరిగారే!"

"పోయినసారి వంగి నిలబడినా."

డాక్టరుగారు అదీ రాసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయన ఎప్పుడూ మనిషి మొహం చూడలేదు. డబ్బా ఎన్నో గీతకు లేచిందో అదే చూశారు. పదివేల పోగుల్లో ఒక పోగు తెగితే కనిపెట్టే మా మగవాళ్ళ కళ్ళు ఆయనకు ఉండి ఉంటే మా ఆట ఒక పూట కూడా సాగేది కాదు.

మధ్యాహ్నం చావడిలో ఎవరూ లేనప్పుడు నేను పోయి నిలబడ్డాను.

"అయ్యా, మా ఇంటాయనకు ఆస్పత్రిలో చోటు కావాల."

ఆయన పుస్తకం తిరగేసి నవ్వారు. "మీ ఆయనకా? అమ్మా, మీ ఆయన ఊపిరిలో సగం ఉంటే నేను కొండలెక్కేవాణ్ణి. నా చేతిలో ఉన్నవి రెండే చోట్లు. అవి జబ్బున్నవాళ్ళకు దక్కాలి కదమ్మా. మీ ఆయన లాంటి ఆరోగ్యవంతుడికి ఇస్తే పాపం కాదూ?"

నా చెంప మీద నేనే కొట్టుకున్నట్టయింది. ఆయన బతకడానికి ఉన్న ఒక్క దారికి అడ్డంగా మా అన్నను నిలబెట్టింది నేనే. వెనక్కి తిరిగితే చావడి మెట్ల దగ్గర మామ. విన్నాడు.

"కోడలా, ఒక ఇల్లు నోరు విప్పితే వీధంతా పోతాది. నీ పడుగుకు ఎవురూ రారు. చెప్తాండా."

"రాకండి మామా. పడుగు ఉండనీ, ముందు నేసే మనిషి ఉండాల గదా!"

వీధి పొడుగునా వినబడేటట్టే అన్నాను. మా అన్న గొంతు మా ఇంటి గొంతే కదా. ఇంట్లోకి పోయి మగ్గం ముందు నిలబడ్డాను.

"లెయ్."

"యాడికి?"

"ఊదేదానికి."

"మీ అన్న వచ్చినాడు గదా..." మా అన్న అప్పటికే రెండోసారి ఊదడానికి వచ్చి, వంటింట్లో మూడో సంగటి ముద్ద మీద ఉన్నాడు.

"మా అన్న ఊపిరి మా వదినకు. నీ ఊపిరి నాకు. లెయ్ అంటాండా!"

ఆయన లేచాడు. నా మొహం చూసి లేచాడో, ఇంక దాచే ఓపిక లేక లేచాడో నాకు తెలియదు. చేయి పట్టుకుని చావడికి తీసుకుపోయాను. అప్పటికి వీధి వీధంతా చావడి ముందు చేరింది. "ఈయనే మా ఇంటాయన" అన్నాను.

డాక్టరుగారు ఎత్తు కొలిచారు. పుస్తకం చూశారు. ఆరు నెలల్లో జానెడు పెరిగిన మనిషిని పొద్దున చూశారు, ఇప్పుడు మూరెడు తగ్గిన మనిషి. తప్పు టేపుదే అని దాన్ని లాగి చూశారు. కాడ ఇచ్చి ఊదమన్నారు. మా ఆయన కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊదాడు. డబ్బా నాలుగు వేళ్ళు లేచి ఆగింది.

"అయ్యో, యంత్రం చెడిపోయింది" అన్నారు డాక్టరుగారు.

జనం గొల్లున నవ్వారు. ఆయన డబ్బా చుట్టూ తడిమి, గొట్టాలు పిండి, అతుకుల మీద మైనం పూసి, తానే ఒకసారి ఊదారు. చక్కగా లేచింది. మళ్ళీ మా ఆయన ఊదాడు. నాలుగు వేళ్ళు. డాక్టరుగారు ఇంకో చోట మైనం పూశారు. జనం మళ్ళీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి వంటింట్లోంచి మా అన్నను సంగటి చేయితోనే లాక్కొచ్చాను.

"ఊదు అన్నా. అందరూ చూస్తాండగా ఊదు."

అన్న మా ఆయన వంక చూశాడు. ఊదనని తల అడ్డంగా ఊపాడు. "ఊదు బావా" అన్నాడు మా ఆయనే. అన్న ఊదాడు. డబ్బా గీతలన్నీ ఎక్కి పైన నిలిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా ఆయన ఆ పైనున్న డబ్బాను చూశాడు. తన వేళ్ళు నాలుగు చూసుకున్నాడు. నా వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగాడు. "మే, నాకు అంతేనా ఉండేది?"

నేను ఏడ్చాను. వీధిలో ఏడవకూడదని ఉన్నా ఏడ్చాను. ఏడుస్తూనే మొత్తం చెప్పేశాను, పడుగు సంగతి, ఇంటికొక మనిషి సంగతి, ఉమ్మి సంగతి. డాక్టరుగారు అచ్చు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. కోప్పడలేదు. "మరి మిగతా ఇళ్ళు?" అని మాత్రం అడిగారు. ఆయన మొదటిసారి పుస్తకం మూసి, ఒక్కొక్కరి మొహం చూడటం మొదలుపెట్టారు.

అప్పుడు మామ కదిలాడు. జనంలోంచి నెట్టుకుంటూ వచ్చి, అల్లుణ్ణి పక్కకు తోసి, స్టూలు మీద కూర్చుని, నా వైపు చేయి చాపాడు.

"కాడ ఇయ్యమ్మా. శానా లావుది ఇయ్యి. సన్నదైతే నేను ఊదలేను."

ఆయన డబ్బా మూడు వేళ్ళే లేచింది. మా ఆయన కంటే ఒక వేలు తక్కువ. ఆ సాయంత్రం దాకా మా దొడ్లో ఆముదపు చెట్లకు ఆకు మిగల్లేదు.

ఉన్న రెండు చోట్లు మా ఆయనకూ మామకూ దక్కాయి. కొండల్లో వాళ్ళు మా ఆయన పక్కటెముకల మధ్య గాలి ఎక్కించి, ఒక తిత్తిని పడుకోబెట్టి, రెండోదానితో బతకమన్నారు. ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు. అక్కడి నుంచి కార్డులు రాసేవాడు. వాటిని ఇంకొకరితో చదివించుకోవడం సిగ్గుగా ఉండి, బడిపంతులుగారి భార్య దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నోటితో పది మాటలాడని మనిషి కార్డు మీద చోటు చాలక అంచుల్లో కూడా రాసేవాడు. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నానంటే ఆ కార్డుల వల్లే.

ఆయన కొండలకు పోయిన మూడో రోజు నేను పడుగు పట్టాలి. ఎవరూ రారనే అనుకున్నాను. తెల్లవారకముందే గంజి కుండ ఎత్తుకుని ఒక్కదాన్నే వీధిలోకి వచ్చాను. ఇంటికొక మనిషి నిలబడి ఉన్నాడు. నన్ను ఎవరూ పలకరించలేదు, కోపం అట్లాగే ఉంది. కోపంతోనే పడుగు పట్టి, కోపంతోనే దువ్వి, ఆరబెట్టి పోయారు. నేయడానికి మా అన్న వచ్చాడు. కపిల మానేసి, మా గుంతను మూరెడు లోతుకు తవ్వి, ఆ కాళ్ళు అందులో దించి, ఏడాదిన్నర నేశాడు. ఆ చీరలు ఎట్లా ఉండేవో అడగొద్దు. పైగా పాడుతూ నేశాడు. మా ఆయన తిరిగొచ్చాక కాళ్ళు అడుక్కు అందక, గుంతలో రెండు కడప బండలు వేసి ఎత్తు చేసుకున్నాం.

డాక్టరుగారు కొత్తగా కొలిచి, నిజం రాస్తానని పోయారు. అంతలో యుద్ధం వచ్చింది, ఆయన్ను సైన్యంలోకి తీసుకున్నారని విన్నాం. నిజం అచ్చయిందో లేదో తెలియదు. అబద్ధం మాత్రం అచ్చులో ఉంది. ఎవరైనా ఆరోగ్యం ఎట్లుందని అడిగితే మా ఆయన, "కాగితం చూడుపో, నన్ను మించినోడు లేడు" అంటాడు. అవును, అంటాడు. ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని, సంగటి ముద్దలు మూడు కాదు, నాలుగు అని దిద్దుతున్నాడు.

ఆయన తిరిగొచ్చినప్పుడు మా అన్న కిరసనాయిలు డబ్బా ఒకటి కోసి, ఇత్తడి అండాలో నీళ్ళు పోసి, అట్లాంటి యంత్రమే తయారుచేశాడు. పక్కన ఒక కర్ర. అమావాస్యనాడు మాకు మగ్గాలు ఆగుతాయి. ప్రతి అమావాస్య పొద్దునా ఆముదపు కాడ తెచ్చిస్తాను, ఆయన ఊదుతాడు, నేను కర్ర మీద సున్నంతో గీత పెడతాను. మొదటిసారి ఐదు వేళ్ళు. ఇప్పుడు ఏడు. మా అన్న గీత పైన అట్లాగే ఉంది, అది అందుకోవడం ఆయన వల్ల కాదు, నేను అడగనూ లేదు. అమావాస్య పొద్దున ఆ డబ్బా నీళ్ళలోంచి కదిలితే చాలు, ఇంకో నెల నాకు ఉన్నట్టే.